ఐదో చిటికె

అయినా ఇరవై రెండేళ్ళ వంటని ఏ అరలో పెట్టాలి? ‘వంట కొత్తవారికి’, ‘కొంత వచ్చినవారికి’, ‘చెయ్యి తిరిగినవారికి’ అని ఈ పుస్తకాల కొట్లో మూడు అరలకీ మూడు అట్టముక్కలు అంటించారు. మాంసం, గుడ్లు, పాలు, వెన్న ఏవీ తగలని వీగన్ వంటల పుస్తకాల్లో కూడా ఇన్ని తరగతులుంటాయని నేననుకోలేదు. ఏదో ఒకటి తీసుకుని పోదామని, పని చేసే ఆసుపత్రి నుంచి గంట ముందే బయటపడ్డాను. ఆ గంటలో సగం అప్పుడే అయిపోయింది. బ్యాగుని ఈ భుజం మీంచి ఆ భుజానికీ, ఆ భుజం మీంచి ఈ భుజానికీ మార్చడం తప్ప చేసిందేమీ లేదు.

“వంట కొత్తాండీ?” అన్నాడు కొట్టాయన, కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి.

“కాదండీ. ఇరవై రెండేళ్ళు.”

“మరి ఆ మొదటి అర దగ్గర మీకేం పనండీ? అది స్టవ్ వెలిగించడం రానివాళ్ళకి. నా మాట విని మూడో అరకి రండి.”

మాట వినడం నాకు బాగా వచ్చు. వెళ్ళాను. మూడో అరలో పుస్తకాలు పెళ్ళి ఫొటోల ఆల్బముల్లా బరువుగా ఉన్నాయి. బొమ్మల్లో ఆకులు కూడా ఇస్త్రీ చేసినట్టున్నాయి. జీడిపప్పు నానబెట్టి, రుబ్బి, మూడు రోజులు పులియబెడితే చీజ్ లాంటిది తయారవుతుందట. మూడు రోజులపాటు ఎవరూ మూత తీసి, “ఇదేమిటీ కంపు?” అని అడగని ఇల్లు నేనెక్కడా చూడలేదు. మూసేసి రెండో అరకి వచ్చాను. ఇక్కడ నాకు రానిదంటూ లేదు. తరగడం, వేయించడం, ఉడికించడం. నాలుగు పేజీలు తిప్పాక మాత్రం ఒక మాట పంటి కింద రాయిలా తగిలింది. ప్రతి వంటా అదే మాటతో ముగుస్తోంది: రుచికి తగినంత ఉప్పు.

ఎవరి రుచికి?

పెళ్ళయిన కొత్తలో ఒకరోజు కూరలో ఉప్పెక్కువైంది. “నీ నాలుక మీద నాకు నమ్మకం లేదమ్మాయ్,” అంది అత్తయ్య. తిట్టలేదు, నవ్వుతూనే అంది. మర్నాటి నుంచి పొయ్యి మీద ఏది ఉడికినా, ఒక చిన్న గిన్నెలో కాస్త పోసి ఆవిడ కుర్చీ దగ్గరకి తీసుకెళ్ళడం అలవాటైంది. ఆవిడకి పొడుగు కాడ చెంచా ఒకటుంది. దాంతో చూసి, “ఇంకో చిటికె,” అంటే ఇంకో చిటికె. “చాలు,” అంటే చాలు. ఆ చెంచా ఆవిడకి వాళ్ళ అత్తగారు ఇచ్చిందట. “నా చేతికొచ్చేసరికి నాకు నలభై నిండాయి. తొందరపడకు,” అనేది. నాకు నలభై ఆరు.

ఒకసారి అత్తయ్య నెల రోజులు మా ఆడపడుచు ఇంటికి వెళ్ళింది. మొదటి రోజే నేను గిన్నె పట్టుకుని ఖాళీ కుర్చీ ముందు నిలబడ్డాను. ఎవరూ చూడలేదు కాబట్టి సరిపోయింది. వెనక్కి వచ్చి నేనే నాలుక మీద వేసుకున్నాను. వేడి తెలిసింది. ఉప్పు సరిపోయిందో లేదో మాత్రం తెలియలేదు. ఆ నెలంతా మా ఆయన్ని పిలిచి అడిగాను.

పశువుల ఆసుపత్రిలో చీటీలు రాసే పని నాది. వయసు, ఈతలు, పాలు, తీసుకొచ్చిన కారణం. నాలుగు నెలల కిందట ఒకాయన ఆవుని తోలుకొచ్చాడు. ఏం జబ్బని అడిగితే, “జబ్బేం లేదమ్మా. ఆరు ఈతలైపోయాయి, పాలు తగ్గాయి. తిండి దండగ,” అన్నాడు. కారణం అన్నచోట అదే రాశాను. డాక్టరు నవ్వి, “అది జబ్బు కాదమ్మా, కొట్టెయ్,” అన్నాడు. కొట్టేశాను. గీత కింద నుంచి అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. ఆ సాయంత్రం ఇంట్లో మా ఆయన గ్లాసులో పాలు పోసి, నా గ్లాసు బోర్లించేశాను. అప్పటి నుంచీ వాళ్ళకి వండిన కూరల్లోంచి దుంపలూ ఆకులూ ఏరుకుని తింటున్నాను. నాకంటూ ఒక గిన్నె పొయ్యి మీద పెట్టుకోవాలంటే ఎందుకో చెయ్యి రావడం లేదు. పుస్తకం కొనుక్కుంటానంటే ఆయన, “చేపకి ఈత నేర్పే పుస్తకమా? నువ్వు ఆకులు మేస్తే మెయ్యి, మాకు మాత్రం ఎప్పటిలా వండు,” అన్నారు.

మళ్ళీ మొదటి అర దగ్గరకి వెళ్ళాను. కొట్టాయన చూస్తున్నాడని తెలిసి చెవులు వేడెక్కాయి. సన్నటి పుస్తకం ఒకటి తీశాను. మొదటి పాఠంలో వంటే లేదు. బంగాళాదుంపలూ బీన్సూ నీళ్ళలో ఉడికించమంది. ఒక చిటికె ఉప్పు వేసి రుచి చూడండి. మళ్ళీ వెయ్యండి, మళ్ళీ చూడండి. మీకు బాగుందనిపించినప్పుడు ఆపి, ఎన్ని చిటికెలో ఇక్కడ రాసుకోండి. కింద ఒక ఖాళీ గీత.

అది పసిపిల్లల పాఠం. నాకది రాదు.

“ఎవరికైనా ఇవ్వడానికాండీ?” అన్నాడు కొట్టాయన సంచిలో వేస్తూ.

“నాకే.”

ఇంటికొచ్చి రెండు పొయ్యిలూ వెలిగించాను. ఒకదాని మీద వాళ్ళ కూర, ఒకదాని మీద నా దుంపలు. పుస్తకం ఉప్పు డబ్బాకి ఆనించి పెట్టాను. కూర గిన్నె తీసుకెళ్తే అత్తయ్య చూసి, “చాలు,” అంది. అంతటితో ఊరుకోలేదు.

“ఆ రెండోదేమిటో అది కూడా పట్రా అమ్మాయ్, చూస్తాను.”

“అందులో పాల్లేవు, వెన్న లేదు. చూడ్డానికి ఇంకేం మిగిలిందమ్మా?” అన్నారు ఆయన హాల్లోంచి.

“ఉప్పుంటుంది కదరా!”

వంటింట్లోకి వచ్చాను. చెయ్యి దానంతటదే చిన్న గిన్నె అందుకుంది. కాస్త పోసింది కూడా. గుమ్మం దాకా వెళ్ళి ఆగాను. తిరిగొచ్చి ఆ గిన్నెని నా గిన్నెలోకే ఒంపేశాను.

ఒక చిటికె. చప్పగా ఉంది. రెండు. మూడు. నాలుగో చిటికె దగ్గర అత్తయ్య మొహం కళ్ళ ముందుకొచ్చింది. ఇక్కడ ఆవిడ చాలంటుంది. కళ్ళు మూసుకుని మళ్ళీ చూశాను. నాకు చాలలేదు.

“అమ్మాయ్, ఎంతసేపు?”

ఐదో చిటికె వేశాను. నాలుక మీద ఏదో తలుపు తీసినట్టయింది. ఇంకోసారి చూశాను, అబద్ధమేమోనని. కాదు.

“రుచి చూశాను అత్తయ్యా, సరిపోయింది,” అన్నాను.

బ్యాగులోంచి చీటీలు రాసే పెన్ను తీసి, ఖాళీ గీత మీద ‘ఐదు’ అని రాశాను.