లాలాలా మిగిలిన పాట

ఫ్రాన్సులో బ్రెతాఞ్ తీరాన ఓ చిన్న రేవూళ్లో పసిపిల్లల బడి టీచరు ఒదీల్. ఏటా జూన్‌లో బడి పండగకి పిల్లల చేత ఒకే పాట పాడించేది. ఆ పాటలో ఓ పిల్ల తన జడలోని నీలం రిబ్బను నావికుడి చేతికి కట్టి సాగనంపుతుంది. చివరికి ఒడ్డుకి రిబ్బను వస్తుంది, మనిషి రాడు. ఒదీల్‌కి ఆ పాట నేర్పింది వాళ్ల నానమ్మ. బంగాళాదుంపలు చెక్కు తీస్తూ పాడేదే గాని, సముద్రంలో పోయిన తాత ఊసు ఏనాడూ ఎత్తేది కాదు.

ఈ ఏడు తల్లిదండ్రుల సంఘానికి గోదాన్ గారు అధ్యక్షుడయ్యాడు. పారిస్ నుంచి వచ్చి, రేవులో చేపల కంపు కొడుతోందని మునిసిపాలిటీకి ఫిర్యాదు రాసిన మనిషి.

"మేడమ్, ఐదేళ్ల పసివాళ్లకి శవాలేమిటండీ?"

"శవం లేదండీ. రిబ్బనొక్కటే వస్తుంది."

"అది మరీ ఘోరం! అతన్ని బతికించండి."

ఒదీల్ తలాడించి బతికించింది. తర్వాతి సమావేశంలో ఒక తల్లి లేచింది. "అసలు వదిలిపోవడం ఎందుకండీ? మా ఇంట్లో విడాకులు నడుస్తున్నాయి." నావికుడు ప్రయాణం మానుకున్నాడు. పనీపాటా లేని మగాణ్ణి పిల్లలకి చూపిస్తారా అని ఇంకొకరు అడిగితే అతన్నే తీసేశారు. ఒంటరి ఆడపిల్ల రేవులో ఏం చేస్తుందని పిల్లనీ, మెడకి చుట్టుకుంటుందని రిబ్బన్నీ తీసేశారు. సముద్రం మిగిలింది. "మావాడికి ఈత రాదు," అన్నాడో తండ్రి.

సముద్రమూ పోయింది. ఇక మాటల్లేవు, లాలాలా మిగిలింది.

"టీచర్, నావికుడేడీ?" అంది ఎల్వీర్ అనే పిల్ల.

"సంఘం వాళ్లు తీసేశారమ్మా."

"చచ్చిపోయాడా?"

"చచ్చిపోయినా పాటలో ఉండేవాడే తల్లీ."

పండగ రోజు ఇరవైమంది పిల్లలు వరసగా నిలబడి లాలాలా అందుకున్నారు. బాణీ మాత్రం పాతదే. రెండోసారి తిరిగేసరికి పండగ అంగడిలో అట్లు పోస్తున్నావిడ గరిటె ఆపేసింది. ముసలి జాలర్లు టోపీలు తీశారు. విడాకులావిడ వెక్కివెక్కి ఏడ్చింది. గోదాన్ గారు పొగంటూ కళ్లు తుడుచుకున్నాడు. పొయ్యి చూస్తే ఆ చివర ఉంది. ఒదీల్ మాత్రం ఏడవలేదు. ఇన్నాళ్లూ తలాడించినందుకు ఆమెకి సిగ్గేసింది.

సోమవారం సంఘం నుంచి ఉత్తరం వచ్చింది, ఆ బాణీ కూడా పిల్లలకి మంచిది కాదని. ఒదీల్ దాన్ని మడిచి, కదులుతున్న బల్ల కాలు కింద పెట్టింది. తర్వాత పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని పాట మొత్తం పాడింది. చివరికి రిబ్బను ఒక్కటే ఒడ్డుకి వచ్చింది.

"ఇంకోసారి!" అంది ఎల్వీర్, కళ్లు మెరిపిస్తూ.

ఆ మధ్యాహ్నం బడి ఆవరణలో పెద్ద గొడవ. పాటని ఆటగా ఆడుతూ, మునిగిపోయే నావికుణ్ణి నేనంటే నేనని పిల్లలు జుట్లు పట్టుకున్నారు. ఒదీల్ వెళ్లి వంతులు వేసింది.