కాంప్లెక్స్‌కు చందూలాల్ పేరు

మానుకోటలో మున్సిపల్ ఎన్నికలు వచ్చేనాటికి తారి భర్త చందూలాల్ పోయి రెండేళ్లయింది. ప్రత్యేక రాష్ట్రం కావాలని చీటీ రాసిపెట్టి ప్రాణం తీసుకున్నాడతను. ఢిల్లీలో బిల్లు పాసైన కొద్దిరోజులకే పార్టీ నాయకుడు భూపాల్ తండాకు వచ్చి, స్టేషన్ రోడ్డు వార్డుకు ఆమెను నిలబెడతామన్నాడు. తారి సరేనంది. రెండేళ్లుగా ఎవరేం చెప్పినా సరేననే అంటోంది. అన్నం రుచి తెలియడం లేదు, ఏడుపూ రావడం లేదు.

పోలింగ్‌కు వారం ముందు వర్తకులు ఇద్దరు అభ్యర్థులనూ ఫంక్షన్ హాలుకు పిలిచారు. స్టేషన్ రోడ్డు అంగడిని ఏం చేస్తారో చెప్పాలన్నారు. హోల్‌సేల్ కిరాణా వాళ్ల కోడలు రుక్మిణి ముందు మాట్లాడింది. రోడ్డు వెడల్పు చేయిస్తానంది, మోరీల మీద బండలు వేయిస్తానంది. చప్పట్లు బాగానే పడ్డాయి.

తారి లేచి, భూపాల్ రాసిచ్చిన కాగితాన్ని కూడబలుక్కుంటూ చదివింది. కూరగాయలమ్మే చోట మూడంతస్తుల కాంప్లెక్స్ కట్టిస్తాం, దానికి అమరుడు చందూలాల్ పేరు పెడతాం అని ఉంది అందులో. ఆ పేరు తన నోటి నుంచే వస్తున్నా, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి పేరులా వినిపించింది.

వెనక వరుసలో ఎల్లక్క లేచింది. తారి, ఆమె పదేళ్లుగా ఆ అంగడిలో పక్కపక్కన గంపలు పెట్టుకుని కూరగాయలు అమ్మినవాళ్లు.

"అవునే తారీ, మరి మేమెక్కడ కూసోవాలె?"

తారి కాగితం తిప్పి చూసింది. వెనకవైపు ఏమీ లేదు.

"ఈ కాయితంల రాయలేదక్కా," అంది.

కొందరు నవ్వారు. భూపాల్ తర్వాత చూద్దామన్నట్టు చెయ్యి ఊపాడు. తారి కాగితం మడిచింది. కోపమేమీ రాలేదు.

"కాంప్లెక్స్ వద్దు," అంది మెల్లగా. "ఆయన పేరు దేనికీ పెట్టకుండ్రి. మీరు కూసున్న కాడనే కూసోండ్రి అక్కా."

ఆ మర్నాటి నుంచి భూపాల్ ప్రచారానికి రాలేదు. జీపు కూడా పంపలేదు. తారి, ఎల్లక్క కాలినడకన గడపగడపకూ తిరిగారు. పోలింగ్ అయ్యాక, అసెంబ్లీ ఎన్నికల వల్ల లెక్కింపు నెలన్నర ఆగింది. చివరికి రుక్మిణి నలభై ఒక్క ఓట్ల తేడాతో గెలిచింది. ఊరేగింపు తండా ముందు నుంచి వెళ్తుంటే రుక్మిణి జీపు దిగివచ్చి, కూరగాయల వాళ్లను లేపనని తారికి మాటిచ్చింది. తారి సరేనంది. నమ్మిందో లేదో ఆమెకే తెలియదు.

జూన్ రెండున రాష్ట్రం వచ్చింది. పొద్దున్నుంచే పటాకులు పేలుతున్నాయి. చందూలాల్ ఫొటోకు దండ వేద్దాం రమ్మని ఎవరో కబురు పంపారు. తారి వెళ్లలేదు. కొత్తిమీర వాడిపోతుందని చెప్పి గంప ఎత్తుకుని అంగడికి పోయింది. ఎల్లక్క జరిగి చోటిచ్చింది. మధ్యాహ్నం దాకా బేరాలు బాగానే సాగాయి.