పెద్ద ఫైళ్లు

“డిస్కు నిండిపోయింది. ఆ పాత వీడియోలు పెద్దవన్నీ డిలీట్ కొట్టేయ్. చిన్నవి చేసి ఫోన్లో పెట్టానుగా, అవి చాలు,” అని చెప్పి భర్త స్నానానికి వెళ్లాడు. ఆమె అప్పుడు అతని చొక్కా ఇస్త్రీ చేస్తోంది.

ఇస్త్రీపెట్టె ఆపి కంప్యూటరు ముందు కూర్చుంది. చెప్పిన పని చెప్పినట్టు చేయడం ఇరవై రెండేళ్ల అలవాటు. అయినా చెరిపే ముందు ఒక్కసారి చూసుకుందామనిపించింది. కంప్యూటర్లోకి ఎక్కించాక అసలు వీడియో క్యాసెట్లు బూజు పట్టి ఎప్పుడో చెత్తలో కలిశాయి. మిగిలినవి ఈ ఫైళ్లే. అన్నీ ఆమె చిత్రీకరించినవే. ఇంట్లో ఏ వేడుకైనా “కెమెరా నువ్వే పట్టుకో, నీకెలాగూ కూర్చునే తీరికుండదు” అనేవారు. వండుతూ, వడ్డిస్తూ, మధ్యమధ్యలో చేతులు తుడుచుకుని తీసేది. తర్వాత అందరూ కూర్చుని చూస్తున్నప్పుడు ఆడపడుచు “వదినెక్కడా కనపడదేంటి, ఊరెళ్లిందా?” అనేది. అందరూ నవ్వేవారు. తనూ నవ్వేది.

ముందు ఫోన్లో ఉన్న చిన్న ఫైలు తెరిచింది. మూడేళ్ల కిందట పోయిన అత్తగారు గుమ్మంలో కూర్చుని ఉన్నారు. మొహమంతా గళ్లుగళ్లు. మాట నూతిలోంచి వస్తున్నట్టుంది. తర్వాత బొమ్మ ఊగి, తడిచేత్తో అలికేసినట్టు చెదిరిపోయింది.

కంప్యూటర్లో అదే వీడియో పెద్ద ఫైలు తెరిచింది. అత్తగారి ముక్కుపుడక తళుక్కుమంది!

“ఎప్పుడూ మమ్మల్నే తీస్తావేంటే? నిన్నెవరు తీస్తారు? ఇటివ్వు.”

కెమెరా చేతులు మారింది. నేల, చెప్పులు, గోడ... వంటగది చీకట్లో ఇరవై ఆరేళ్ల పిల్ల, కొంగుతో చేతులు తుడుచుకుంటూ, పళ్లన్నీ కనపడేలా నవ్వుతోంది.

“వద్దత్తయ్యా, స్టవ్ మీద పాలున్నాయి!”

“పొంగితే పొంగనీ. అటు తిరగకు, ఎంత బాగున్నావో!”

పన్నెండు సెకన్లు. మళ్లీ చూసింది. పదిసార్లు చూసింది. ఈ పిల్ల ఇంత గట్టిగా నవ్వేదా!

మరి చిన్నదాంట్లో ఏమైపోయింది? నెట్‌లో వెతికి చదివింది. సెకనుకి ఎంత వివరం ఉంచాలో చెప్పే అంకె ఒకటుంది, బిట్‌రేట్. భర్త దాన్ని అట్టడుక్కి దించేశాడు. అంత తక్కువలో ఇరికిస్తే చీకటి మూలలూ, కదిలే మనుషులూ ముందు పాడవుతారు. ఆమె ఎప్పుడూ చీకటి మూలలోనే, కదులుతూనే ఉండేది.

ఆ పన్నెండు సెకన్లనే తీసుకుని అంకె మార్చి మార్చి చిన్నది చేసి చూసింది. మొదటిసారి పళ్లు కనపడలేదు. మూడోసారి ముక్కుపుడక దక్కింది గానీ మాట ముద్దగా వచ్చింది. ఏడోసారి సైజు మూడో వంతుకి తగ్గింది, నవ్వు నవ్వులాగే ఉంది! “వచ్చేసింది!” అని ఒక్కతే గట్టిగా అరిచి కుర్చీలోంచి లేచింది. ఒళ్లంతా తేలికైపోయింది.

భర్త తల తుడుచుకుంటూ వచ్చాడు. “డిలీట్ చేశావా? కాఫీ ఏది?”

ఆమె చూపించింది. అతను నిలబడే చూశాడు.

“దీనికోసం డిస్కంతా నింపుకుంటామా? ఎవరు చూస్తారే ఇవన్నీ?”

“నేను చూస్తాను. ఫోన్లో పెట్టుకోడానికి మీకు మంచివి చేసిస్తా, నేర్చుకున్నాను. అసలువి మాత్రం ఇక్కడే ఉంటాయి.”

“అది నువ్వెలా చెప్తావ్?”

ఆమె మౌస్ మీద నుంచి చెయ్యి తీయకుండానే అంది.

“తీసింది నేనండీ. తీసెయ్యాలో వద్దో కూడా నేనే చెప్తాను.”