గుమ్మిల సిపాయి

డప్పు సప్పుడు ఎన్క వచ్చిన మాట ఇనంగనె భూమవ్వ చేతుల ఉన్న చాట కింద వడ్డది.

"రేపు పొద్దుగాల చావడికాడ కుక్కలకు మందు పెడతరహో! ఇంటింటి కుక్కను పట్టుకరావాలెనహో!" అని హనుమండ్లు గొంతు చించుకుంట సాటుతున్నడు. చెప్పింది చెప్పినట్టు సాటితె ఆయిన సొమ్మేం బోయె? లక్సెట్టిపేట పశువుల దవాఖానల కొత్త డాక్టరు చెప్పి పంపింది "మందు ఇస్తం" అని. హనుమండ్లు నోట్ల వడంగనె అది "మందు పెడతం" అయి కూసున్నది.

మా దిక్కు మందు ఇచ్చుడు వేరు, మందు పెట్టుడు వేరు. ఇచ్చుడంటె పానం నిలవెట్టుడు. పెట్టుడంటె గుట్టుగ అన్నంలనో రొట్టెలనో కలిపి పానం తీసుడు. పోయినేడు పిచ్చికుక్క భయానికి ఊరోళ్ళు రొట్టెలల్ల మందు పెట్టిండ్రు. బాటపొంటి కుక్కలు కాళ్ళు సాపుకొని పడి ఉండె. అండ్ల భూమవ్వ కుక్క సిపాయి తల్లి గూడ ఉండె. కండ్లు తెరవని ఆ పిల్లను భూమవ్వ ఒడిల వెట్టుకొని, దూదితోని గొర్రెపాలు తాపి సాదింది. అసొంటి సిపాయికి మల్ల మందా?

"నా పానం పోయినా సరె, దాన్ని ఇయ్య" అన్నది పెనిమిటితోని.

గంగయ్య గొర్లకాపరి. మాటలు తక్కువ మనిషి. ఇంట్ల ఇద్దరి మాటలూ ఆమెనే మాట్లాడుతది గద, ఇగ ఆయినకెందుకు తక్లీఫ్! "సర్కారోళ్ళు గదనే..." అని నసిగిండు.

"సర్కారైతె ఏంది, నైజామైతె ఏంది? పోయి గుమ్మి మూత తియ్యి!"

ఎండకాలం. ఇంట్ల మూలకున్న వెదురు గుమ్మిల వడ్లు అడుగువట్టినయ్. తెల్లారంగనె సిపాయిని అండ్ల దించి, మూతేసి, మీదికెళ్ళి గొంగడి కప్పింది. సిపాయి ఊరుకోకుంటె మనుమరాలు బాలలక్ష్మిని పక్కన కూసుండవెట్టి, "పాట పాడు బిడ్డా, సప్పుడు బయటికి రావద్దు" అన్నది.

చావడికాడ అంబదాస్ డాక్టరు మందుల డబ్బ ముందట వెట్టుకొని కూసున్నడు. ఆదిలాబాద్ అవతలి మనిషి, పడుసోడు, మాటల జర మరాఠి వాసన. పొద్దు నెత్తికెక్కింది, ఒక్క కుక్క రాలే. రాకపోవుడు అట్లుంచి, ఊర్ల ఒక్క కుక్క మొరగలే. ఊరు ఊరంత కుక్కలను దాపెట్టి, ఏమెరుగనట్టు గోడలకు ఆనుకొని కూసున్నది. ఒకాయినైతె కుక్కను మంచంల పండవెట్టి దుప్పటి కప్పి, "మా అత్తకు జరమొచ్చింది సారు" అన్నడట. ఆ అత్తకు తోక ఊగుతున్నది మరి!

డాక్టరు ఇల్లిల్లూ తిరిగి తిరిగి భూమవ్వ గడప కాడికొచ్చిండు. సరిగ్గ గప్పుడే గుమ్మిల దుమ్ముకు సిపాయి తుమ్మింది.

"లోపట ఎవరవ్వా?" అన్నడు డాక్టరు.

"వడ్లు!" అన్నది భూమవ్వ.

"మీ ఊర్ల వడ్లు తుమ్ముతయా?"

దొరికిపోయిననని తెలిసినంక ఇంకేమున్నది? మూలకున్న రోకలి ఎత్తింది. "అడుగు ముందటేసినవంటె నెత్తి పలుగుతది! ఏం పాపం జేసిందని మందు పెడ్తవయ్యా దానికి? నీకు అవ్వయ్య లేరా?"

ఊరెందుకు మొరుగుతలేదో డాక్టరుకు అప్పుడు సమజయింది. "బాప్‌రే! చంపెటందుకు వచ్చిననుకున్నరా?" అని గడప మీదనే కూలవడ్డడు. "అవ్వా, నేను పెట్టెటందుకు రాలే. టీకా ఏసెటందుకు వచ్చిన. రేపు పిచ్చికుక్క కరిచినా మీదానికి పిచ్చి రాకుంట ముందుగాలనే ఏసే సూది."

"రోగమే లేని దానికి సూదా? దెబ్బ తాకకముందె పసుపు పెట్టుకున్నట్టున్నది నీ ముచ్చట!"

రోకలెత్తిన చెయ్యి మీద రైక పైకి జరిగింది. జబ్బమీద ఎనుకటి మచ్చ ఒకటి కనవడ్డది. డాక్టరు అది చూసిండు.

"గదేందవ్వా?"

"టీకా. అమ్మవారు రాకుంట చిన్నప్పుడు ఏసిండ్రు."

"అప్పుడు నీకు రోగం ఉండెనా?"

భూమవ్వ నోరు మూతవడ్డది. పెండ్లయిన కాంచి గంగయ్య ఇసొంటిది చూడలే, అందుకె భయపడి దగ్గరికొచ్చిండు.

నైజాం జమానల టీకాలోళ్ళు వచ్చిండ్రంటె తల్లులు పిల్లలను సంకనేసుకొని జొన్నచేండ్లకు ఉరికేది. భూమవ్వ తల్లికి ఇద్దరు బిడ్డలు. పెద్దది లచ్చవ్వ. తల్లికి దానిమీదనే పంచపానాలు. ఆ దినం లచ్చవ్వను గుమ్మిల కూసుండవెట్టి మూతేసింది. భూమవ్వ వాకిట్ల ఆడుకుంట టీకాలోళ్ళకు దొరికింది. సూది వడ్డది, ఏడ్చి ఏడ్చి జరం తెచ్చుకున్నది. గుమ్మిల్నుంచి ఎల్లిన లచ్చవ్వ, "నాకు వడలే, నాకు వడలే" అని చప్పట్లు కొట్టుకుంట చెల్లెను ఎక్కిరిచ్చింది. మరుసటేడు ఊర్లెకు అమ్మవారొచ్చింది. లచ్చవ్వ పోయింది, భూమవ్వ ఉన్నది.

రోకలి కింద వెట్టి గుమ్మి దిక్కు చూసింది. లోపట ఒక పానం మెసులుతున్నది. "అయ్యో, మా అవ్వ జేసిన పనే నేనూ జేస్తున్న గద!" అని నెత్తిమీద చెయ్యి వెట్టుకొని బోరున ఏడ్చింది. ఏడ్చుకుంటనే లేశి, గొంగడి గుంజి, తన చేతులతోనే మూత తీసింది.

సిపాయికి సూది వడ్డదో లేదో తెల్వనే తెల్వలే. అది డాక్టరు చెయ్యి నాకుతున్నది. "మరి పిల్లికి?" అన్నడు డాక్టరు. "పిల్లికి గూడనా!" పొయ్యికాడి పిల్లిని గోనెసంచిల పట్టవోయి గంగయ్య చేతులు రెండూ గీరించుకున్నడు. పిల్లికి ఒక సూది, గంగయ్యకు టింక్చరు.

పోయేముందు డాక్టరు మస్తు చెప్పిండు. కుక్కపిల్లలకైనా పిల్లికూనలకైనా మొదలు కడుపుల పురుగుల మందు, మూడు నెలలు నిండినంక మొదటి సూది, అటెన్క ఏటేటా ఒకటి, ముసలివైనంక పండ్లు చూసి మెత్తటి కూడు.

"బాలింతకు గూడ గింత చెప్పరు గదయ్యా! తారీకులు నాకేడ యాదికుంటయ్?"

"నువ్వు మర్వనిది ఏందో చెప్పు."

"కొండగట్టు అంజన్న పెద్ద జయంతి."

"బరె, మంచిదే. జయంతికి పోయి ఇంటికి రాంగనె సూది."

ఊర్ల శానమంది దాపెట్టిన కుక్కలను తీసిండ్రు. భూమవ్వ మరిది రాజం మాత్రం తియ్యలే. ఆయిన కుక్క పేరు షేర్. "నా షేర్‌కు సూదా? దాన్ని చూస్తె సూదికే పిచ్చి లేస్తది" అని మీసం దువ్విండు. జయంతులొచ్చినయ్, పోయినయ్. ఏటా భూమవ్వ సిపాయిని తోలుకపోవుడు, ఏటా రాజం నవ్వుడు.

మూడో ఏడు వానకాలం, నాట్లు వడుతున్నయ్. గొర్లదొడ్డి కాడ బాలలక్ష్మి మట్టితోని ఆడుకుంటున్నది. మక్కచేనుల్నుంచి పిచ్చికుక్క ఒకటి సొల్లు కార్చుకుంట వంకరటింకర ఉరికొచ్చింది, సీద పిల్ల మీదికి. సిపాయి నడుమ దుంకింది. రెండూ పెనవేసుకొని బురదల పొర్లినయ్. మనుషులు కట్టెలతోని వచ్చి పిచ్చిదాన్ని కొట్టి చంపెవరకు సిపాయి మెడ నెత్తురోడుతున్నది. బాలలక్ష్మికి గీత గూడ వడలే.

భూమవ్వ కొంగుతోని సిపాయి మెడ తుడుస్తుంటె కట్టెలన్ని సిపాయి దిక్కు మర్రినయ్.

"జరుగు భూమవ్వా! పిచ్చికుక్క కరిచిన కుక్క పిచ్చిదైతది."

"దానికి టీకా వడ్డది! మొన్న జయంతికి గూడ వడ్డది!"

"టీకా గీకా మాకెర్కలేదు. మా ఇండ్లల్ల పిల్లలు లేరా?"

వాళ్ళ భయమూ వట్టిది కాదు. ఎవలను తిట్టాలె? అప్పుడు గంగయ్య, జన్మల గట్టిగ మాట్లాడని గంగయ్య, గొర్లకట్టె అడ్డంపెట్టి నిలవడ్డడు. "ఇది లేకుంటె ఇయ్యాల నా మనుమరాలు లేదు. ముందు నన్ను కొట్టుండ్రి. దవాఖానకు కొంటవోతున్న, డాక్టరు ఏమంటె గది." మంది ఎన్కకు జరిగింది. ఆ మందిల ఉన్న రాజం తలకాయ వంచుకొని ఇంటి దిక్కు నడిచిండు.

అంబదాస్ డాక్టరు సబ్బునీళ్ళతోని పుండు కడిగి కడిగి, మల్ల సూది ఏసిండు. ఇంకిన్ని ఏస్తనన్నడు.

"బతుకుతదా కొడుకా?"

"టీకా వడి ఉన్నది గద అవ్వా, మస్తు ఆశ ఉన్నది. కాని రెండు అమాసలు దాటేదాక ఒక్కతీరుగ కట్టేసి ఉంచు, పిల్లను దగ్గరికి రానియ్యకు." అంతల ఆమె కొంగు చూసిండు. "దీని మెడ నువ్వు తుడిచినవా? నడువు, నడువు, మనుషుల దవాఖానకు!"

"ఓ అవ్వో! కుక్కకేమో తోలుకింద, నాకేమో బొడ్డు చుట్టూతనా!" అని మొత్తుకుంటనే పోయింది. కాని ఒక్క సూది గూడ తప్పించుకోలే. దాపెట్టుకునుడు ఆమె ఎన్నడో బంద్ వెట్టింది.

ఆ అమాసల నడుమ భూమవ్వకు కంటికి నిద్ర లేదు. పిచ్చి పుట్టినదానికి నీళ్ళు దిగయంటరు. పొద్దుగాల లేవంగనె కట్టెతోని నీళ్ళ బేసిని దూరంనుంచి జరిపి, ఊపిరి బిగవట్టి చూసేది. సిపాయి గుటగుట తాగితె, "ఇయ్యాలటికి గట్టెక్కినం తండ్రీ" అని కొండగట్టు దిక్కు దండం పెట్టేది.

మొదటి అమాస దాటినంక రాజం ఏడ్చుకుంట వచ్చిండు. "వదినె, ఆ దినం షేర్‌ను గూడ కరిచింది. కొడ్తరని కొట్టంల దాపెట్టిన. ఇయ్యాల అది నన్ను గుర్తువడుతలేదు." షేర్ గొలుసు కాడనే పోయింది. నయం, ఎవ్వల్ని కరవలే. చేతులు కాలినంక ఆకులు వట్టుకున్నట్టు రాజం గూడ బొడ్డు సూదులకు పోయిండు. భూమవ్వ తిట్టెటందుకు నోరు తెరిచింది, గాని ఆయిన మొఖం చూసి ఇన్ని చాయనీళ్ళు పోసిచ్చింది.

రెండో అమాస దాటింది. సిపాయి నీళ్ళు తాగింది, కూడు తిన్నది, గొలుసు ఇప్పంగనె ఉరికొచ్చి భూమవ్వను కింద పడగొట్టింది. ఆ దినం ఆమె కొత్త గొంగడొకటి నెత్తిన వెట్టుకొని దవాఖానకు పోయింది. అంబదాస్ భుజాలమీద కప్పింది.

"నీ కడుపు సల్లగుండ కొడుకా. నా పిల్ల ఉన్నది, నా కుక్క ఉన్నది, నేనున్న. అంత నీ పుణ్యమే."

"నేనేం జేసిన అవ్వా? గుమ్మి మూత తీసింది నువ్వు."

"తీసిన గని..." భూమవ్వ కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. "అక్క చచ్చిందని మా అవ్వను ఇన్నేండ్లు తిట్టుకున్న. ఆమె గూడ పావురంతోనే, ప్రేమతోనే దాపెట్టింది గద. నీ అసొంటోడు ఆ గడపల కూసొని జర చెప్తె, ఆమె గూడ తీసేదేమో."

మరుసటేడు పెద్ద జయంతి అయ్యింది. హనుమండ్లు డప్పు మెడకేసుకొని సీద భూమవ్వ ఇంటికే వచ్చిండు. "నీ బాంచెన్, నా నోరు మంచిది కాదు. ఏమని సాటాలెనో నువ్వే చెప్పు."

వాకిట్ల రాజం కొత్త కుక్కపిల్లను ఒళ్ళె వెట్టుకొని ఎప్పుడో వచ్చి కూసున్నడు. పురుగుల మందు అయ్యింది, మూడు నెలలు నిండినయ్.

"మందని అనకు, సూదని గూడ అనకు" అన్నది భూమవ్వ. "పావురమున్నోళ్ళు దాపెట్టకుండ్రహో అని సాటు. గంతే."

హనుమండ్లు అదే మాట వాడవాడకూ సాటిండు. తెల్లారి చావడికాడికి పోయే తొవ్వలన్ని కుక్కలే. ఒకదాన్ని చూసి ఒకటి, ఊరు ఊరంత మొరుగుడే మొరుగుడు. గంగయ్య చెవులు మూసుకున్నడు. భూమవ్వ మాత్రం సిపాయి మెడల చెయ్యేసి, "అరువుండ్రి బిడ్డా, బాగ అరువుండ్రి" అని నవ్వుకుంట నడిచింది.