టకటక డబ్బాలో దుమ్ము

పొద్దున్నే షాపు తలుపు తీయగానే పిన్ని చేసే మొదటి పని లైట్లు వేయడం. రెండో పని, నిన్న సాయంత్రం టీ గ్లాసులు కడగకుండా పోయిందెవరో కనిపెట్టి వాళ్ళు రాగానే మొహమ్మీదే తిట్టడం. ఆ తిట్ల మధ్యలోనే బైండింగ్ అక్క చెప్పులు విడిచి వెనకగదిలోకి పోయి సూదిలో దారం ఎక్కించుకుంటుంది. కిటికీ పక్క బల్ల దగ్గర టకటక కూర్చుని తన కంప్యూటర్ ఆన్ చేస్తుంది.

టకటక అంటే పిన్నికి అక్క కూతురు. కీబోర్డు మీద ఆమె వేళ్ళు చేసే చప్పుడుకి షాపువాళ్ళు పెట్టిన పేరది. పుస్తకాలు టైపు చేసి, తప్పులు దిద్ది, అచ్చువేసి, కుట్టి పంపే షాపు వాళ్ళది. టైపు ఆమె పని. తప్పులు పట్టడం ప్రూఫాయన పని. ఆయన అంటారు గానీ ఆమెకంటే ఏ రెండేళ్ళో పెద్ద, అంతే.

ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు. అతను రాతప్రతి చూస్తూ పైకి చదవాలి, ఆమె తెరమీద సరిచూసుకోవాలి. కామాలూ చుక్కలూ కూడా చదవాల్సిందే. "వాన వెలిసింది కామా కొమ్మలన్నీ బరువుగా ఉన్నాయి చుక్క" అని అతను చదువుతుంటే ఆమెకి తెరమీద అక్షరాలు కూడా తడిగా కనపడేవి. మెత్తటి గొంతు అతనిది. ప అక్షరం దగ్గర మాత్రం ఆగిపోతుంది. తలుపు దగ్గరికొచ్చి లోపలికి రావాలా వద్దా అని నిలబడ్డ చుట్టంలాగా ఆ ప అక్కడే ఉండిపోతుంది. అందుకే 'కొత్త పేరా' అనాల్సిన చోట అతను ఏమీ అనడు. పెన్సిల్‌తో బల్లమీద ఒక్క దెబ్బ కొడతాడు. ఈమధ్య వచ్చిన పని పిట్టల పుస్తకం. పిచ్చుక, పావురం, పికిలిపిట్ట. రాసినాయనకి అతనంటే ఏం పగో మరి.

ఆ పుస్తకం మొదలైన దగ్గర్నుంచే టకటక కంప్యూటర్ వేడెక్కుతోంది. లోపలి ఫ్యాను ఊపిరాడని మనిషిలా రొప్పుతుంది. కాసేపటికి తెర నల్లబడి మొత్తం ఆగిపోతుంది.

"దుమ్ము పట్టిందే. విప్పి దులుపు," అంది పిన్ని.

"చేస్తాను పిన్నీ."

"రోజూ చేస్తానంటావు. నీకేమన్నా మొహమాటమా?"

ఆ మాటకి టకటక చెవులు ఎర్రబడ్డాయి. కంప్యూటర్ డబ్బా పక్క రేకు తీసేసి ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టింది. ఆ గాలికి ఇంకాస్త దుమ్ము లోపలికి పోయిందే తప్ప ఒరిగిందేం లేదు.

ఆ వీధిలో దుమ్ము రెండు రకాలు. ఒకటి ఉత్త రోడ్డు దుమ్ము, దాంతో పేచీ లేదు, తుడిస్తే పోతుంది. రెండోది మనుషులు మనుషుల మీద ఎత్తిపోసే దుమ్ము. ఎవరిమీదైనా వాళ్ళ వెనకాల దుమ్మెత్తిపోస్తే అది దగ్గర్లో తిరిగే ఫ్యానుని వెతుక్కుని పట్టుకుంటుంది. దులిపినప్పుడు, అన్నవాళ్ళ గొంతుతో అన్నమాట అన్నట్టే అనేసి రాలిపోతుంది. మొహమ్మీద తిడితే పేరుకోదు. అందుకే పిన్ని బల్లమీది ఫ్యాను ఎప్పుడు చూసినా కొత్తదానిలా ఉండేది. ఇళ్ళల్లో అత్తగారు స్టూలెక్కి సీలింగ్ ఫ్యాను తుడుస్తుంటే కోడలు మర్యాదగా బయటికెళ్ళి నిలబడేది. కోడలి వంతు వచ్చినప్పుడు అత్తగారూ అంతే. ఎవరి దుమ్ము వాళ్ళు దులుపుకుంటారు, విన్నవాళ్ళు విననట్టు ఉంటారు.

టకటక డబ్బాలో ఏముందో టకటకకి తెలుసు.

పిట్టల పుస్తకం మొదలైన కొత్తలో ఒక మధ్యాహ్నం ప్రూఫాయన భోజనానికి ఇంటికెళ్ళినప్పుడు బైండింగ్ అక్క క్యారేజీ పట్టుకుని ఆమె బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. "ఏమే, ఆయన చదువుతుంటే నువ్వు తెరకేసి చూస్తావా, ఆయన నోటికేసి చూస్తావా?" అంది.

దొంగతనం దొరికిపోయినట్టు అయింది టకటకకి. ఆ తడబాటు కప్పుకోడానికి ఏదో ఒకటి చెయ్యాలి కదా. పెన్సిల్ తీసుకుని, మెడ కాస్త ముందుకు చాచి, "ప... ప... ప... పా..." అని బల్లమీద టక్కున కొట్టింది. "ఈ పావురం ఎగిరేలోపు గుడ్లు పెట్టి పిల్లల్ని కూడా చేస్తుంది" అంది. అక్కకి పొలమారింది, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. మర్నాడు అక్క మళ్ళీ చెయ్యమంది. ఆ మర్నాడు చెయ్యమనకుండానే చేసింది టకటక. ప్రేమని దాచడానికి మొదలుపెట్టిన వేషం తీసేద్దామంటే ఊడిరాలేదు. రోజూ అన్నం తిన్నాక ఆ ఆట ఉండాల్సిందే. అది ఆడుతున్నంతసేపూ కాళ్ళ దగ్గర డబ్బా గిర్రున తిరుగుతూనే ఉంది.

పిన్ని దులపమన్న రోజు సాయంత్రం పావురాల అధ్యాయం సగంలో ఉండగా తెర నల్లబడింది. దాచుకోని పేజీలన్నీ పోయాయి.

"రేపు నేను కాస్త ముందొచ్చి దులిపేస్తాలెండి," అన్నాడు ప్రూఫాయన.

"వద్దు. నాది నేనే..."

"మీ దాంట్లో ఏముంటుందండి, ఉత్త రోడ్డు దుమ్మేగా. మీరు ఒకరిని ఒక మాట అనగా నేను వినలేదు."

ఆ మంచిమాట ముల్లులా గుచ్చుకుంది ఆమెకి. తెల్లారగానే అందరికంటే ముందే వెళ్ళి విప్పేయాలనుకుంది. తలకి పోసుకుంటే ఆలస్యమైంది. కాదు, జడ సరిగ్గా రాలేదని మళ్ళీ విప్పి వేసుకుంటే ఆలస్యమైంది. అతని కోసమే ఆ జడ.

షాపు మెట్లెక్కుతుండగానే తన గొంతు తనకే వినిపించింది.

డబ్బా బల్లమీద పడుకోబెట్టి ఉంది. ప్లగ్గు తీసేసి ఉంది. మరలు పోకుండా టీ గ్లాసులో వేసి ఉన్నాయి. ప్రూఫాయన ముక్కుకి జేబురుమాలు కట్టుకుని, ఫ్యాను తిరక్కుండా వేలితో ఆపి, మెత్తటి బ్రష్‌తో ఒక్కొక్క రెక్కే తుడుస్తున్నాడు. బూడిదరంగు దుమ్ము పోగుపోగులుగా లేస్తోంది. లేచిన ప్రతి పోగూ ఆమె గొంతుతో "ప... ప... ప..." అని, ఒక వెటకారం ఆడి, కిటికీలోంచి పడే ఎండలో నేలకి రాలిపోతోంది. దుమ్ములో అన్నవాళ్ళ మాటే ఉంటుంది, నవ్వినవాళ్ళ నవ్వు ఉండదు. అక్క నవ్వుల మధ్య అంత బావున్న ఆట, నవ్వు తీసేసి వింటే చచ్చిపోదామనిపించేలా ఉంది.

పిన్ని తన బల్ల దగ్గర ఏదో పుస్తకం తిరగేస్తోంది, అది తలకిందులుగా ఉంది. బైండింగ్ అక్క వెనకగది తలుపు దగ్గరగా వేసేసుకుంది.

"నేను చేస్తాను. ఇలా ఇవ్వండి," అంది టకటక. తన గొంతు ఎత్తాలంటేనే భయమేసింది.

"కూర్చోండి. మధ్యలో వదిలేస్తే ఫ్యాను ఇరుసు చెడుతుంది." రుమాలు వెనకనుంచి మాట స్థిమితంగానే వచ్చింది. తొందర పడకుండా, విసుక్కోకుండా అంతా తుడిచాడు. ఎవరి డబ్బానో అన్నట్టు కాదు, ఆమె డబ్బా కాబట్టే జాగ్రత్తగా తుడుస్తున్నట్టు తుడిచాడు. ఆమెకి భూమిలోకి పోవాలనిపించింది.

ఫ్యాను శుభ్రమయ్యాక రుమాలు కిందికి లాక్కున్నాడు.

"బాగా చేశారండి. నా గొంతు నేనెప్పుడూ బయటినుంచి వినలేదు. అచ్చం అలాగే ఉంటానా?"

ఆమె గ్లాసులోని మరల కేసి చూసింది.

"కింద వీధి అచ్చాఫీసువాళ్ళు నన్ను రమ్మంటున్నారు. అక్కడ కాగితం మీద దిద్దడమే, నోరు తెరవక్కర్లేదు. రానని ఇవాళ ఫోన్ చేసి చెబుదామనుకున్నాను." కాసేపు బ్రష్ కేసి చూసుకున్నాడు. "ఇప్పుడు వస్తానని చెబుతాను. లోపల వేడిని లాగే రెక్కలున్నాయి చూడండి, వాటి సందుల్లో ఎప్పటిదో దుమ్ము గట్టిపడి ఉంది. అది మీరు తీసుకోండి. వినే ఓపిక లేదు నాకు."

చేతులు కడుక్కోడానికి పెరటి కుళాయి దగ్గరికెళ్ళిపోయాడు.

టకటక కళ్ళు తుడుచుకుంటుంటే పిన్ని పుస్తకం మూసింది. "విన్నది నా నోట బయటికి రాదు. కానీ అతన్ని పోగొట్టుకుంటున్నానని ఏడుస్తున్నావో, పరువు పోయిందని ఏడుస్తున్నావో, అది తేల్చుకుని ఏడువు," అంది. మొహమ్మీదే అంది.

టకటక డబ్బాలోకి వంగి చూసింది. వెండిరంగు రెక్కల సందుల్లో దుమ్ము నల్లగా, అట్టకట్టి ఉంది. అదేమిటో చూడగానే తెలిసింది. అది అక్క ఆటలకంటే ముందుది, అతను కొత్తగా పనిలో చేరిన రోజులది. తనని తాను తిట్టుకున్నా దుమ్ము పడుతుంది మరి. ఎవరూ తన ఎదుట తాను నిలబడి తిట్టుకోలేరు కదా, కాబట్టి అదీ వెనకాల అన్నట్టే లెక్క. ఇప్పుడు గది ఖాళీ. పిన్ని కూడా మర్యాదగా వీధిలోకి వెళ్ళింది. తలుపేసుకుని దులిపేస్తే ఎవరికీ తెలియకుండా పోతుంది. అతను ఇందాక విన్నదానికంటే ఇది వినపడడమే ఆమెకి ఎక్కువ సిగ్గు. వెటకారంలో కనీసం వేషం ఉంది, ఇందులో అదీ లేదు.

బ్రష్ పళ్ళ మధ్య పట్టుకుని డబ్బా రెండు చేతులా ఎత్తుకుని పెరట్లోకి నడిచింది.

అతను మోచేతులదాకా కడుక్కుంటున్నాడు.

"ఇది కూడా వినండి."

"అక్కర్లేదండి."

"నాకు కావాలి," అని డబ్బా గట్టుమీద పెట్టి రెక్కల సందుల్లోకి బ్రష్ దింపింది.

దుమ్ము ఒక పట్టాన రాలేదు. గీకితే చిన్న పలక ఊడింది. అందులోంచి వచ్చిన గొంతు ఆమెదే గానీ ఇంకా లేతగా, పెదవుల మధ్యే ఉండిపోయినట్టుగా ఉంది.

"చూడు మొహం. ఎప్పుడైనా అద్దంలో చూసుకున్నావా? మొద్దుమొహం. ఆయన చదువుతుంటే చేతులు ఆగిపోతాయేం నీకు? సిగ్గులేదూ? ఆదివారం ఎందుకొచ్చిందిరా దేవుడా అని ఎవరైనా ఏడుస్తారటే? ఆ గొంతు వినడానికి చెప్పులు తిరగేసుకుని పరిగెత్తుకొస్తావు. ఆయన కంటికి నువ్వు ఆనతావా అసలు? ఎవరికైనా తెలిస్తే నవ్వుతారు. నోర్మూసుకుని టైపు కొట్టుకో, దిక్కుమాలినదానా."

ఎవరూ దుమ్ముచేత అబద్ధం ఆడించలేరని ఆ వీధిలో అందరికీ తెలుసు. అతను కుళాయి కట్టేశాడు. పలక వెంట పలక ఊడుతూ అదే మాట రకరకాలుగా చెప్పింది. ఆమె మొహం పక్కకి తిప్పుకోలేదు, చేతులు ఖాళీగా లేవు కాబట్టి కప్పుకోనూ లేదు. చివరి సందు కూడా తళతళలాడేదాకా తుడిచి బ్రష్ కింద పెట్టింది.

"ఇందాక నన్నన్నందుకు చాలా కోపం వచ్చింది," అన్నాడతను. "అది తగ్గుతుందో లేదో కూడా నాకు తెలీదు."

"తగ్గక్కర్లేదు. ఉండనివ్వండి."

"ఇప్పుడు మిమ్మల్ని ఇన్నేసి మాటలన్న మనిషి మీద కూడా కోపం వస్తోంది. రెండు కోపాలూ ఒక్క మనిషి మీదే. ఏం చెయ్యమంటారు?"

డబ్బా తీసుకుని లోపలికొచ్చారు. ఆమె రేకు పట్టుకుంటే అతను మరలు బిగించాడు. మరలు బిగించేటప్పుడు ఒకరి వేలికి ఒకరి వేలు తగిలితే కథల్లో ఏదో అవుతుంది గానీ, ఇక్కడ అతను మర్యాదగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె ఆ శిక్ష కూడా పుచ్చుకుంది.

ఆన్ చేస్తే ఫ్యాను తిరుగుతోందో లేదో చెయ్యి పెట్టి చూసుకోవలసినంత నెమ్మదిగా తిరిగింది.

మధ్యాహ్నం కింద వీధి అచ్చాఫీసునుంచి ఫోనొచ్చింది. "అబ్బాయ్, నీకే," అని పిన్ని రిసీవర్ బల్లమీద పెట్టి కుర్చీలోంచి లేచింది. వెనకగదిలో సూది ఆగింది. అతను రిసీవర్ చెవికి ఆనించుకున్నాడు.

"రానండి," అన్నాడు. అటువాళ్ళు ఎందుకని అడిగినట్టున్నారు. "ఇక్కడ ప... ప..."

గోడ గడియారం తన మానాన తాను నడిచింది. టకటక తెరకేసి చూస్తోంది, తెరమీద ఏమీ లేదు.

"...పని సగంలో ఉందండి," అని పెట్టేశాడు.

వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ రోజూ ఉండేచోటికంటే జానెడు దూరంగా జరుపుకున్నాడు. రాతప్రతి తీసుకుని, "ఎక్కడ ఆగాం?" అన్నాడు తలెత్తకుండా.

"పావురం గూడు కట్టడం దగ్గర."

అతను చదవడం మొదలుపెట్టాడు. మొదటి అక్షరం దగ్గరే ఆగాడు. ఆమె వేళ్ళు కీబోర్డు మీదనుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. సిగ్గుతో వంచిన తల వంచినట్టే ఉంచి, ఆ మాట ఎప్పుడొస్తే అప్పుడే రానీ అని వింటూ కూర్చుంది.