టచింగు లేని ఫోటో

ఫోటోలో పెళ్ళికొడుకు ముక్కు మీది మొటిమను తుడిచేసి, టచింగాయన కుర్చీలో వెనక్కి వాలి చూశాడు. మొటిమ పోయింది గానీ ముక్కు బోసిపోయింది. పక్కన కాస్త నీడ వేశాడు. ముక్కు నిలబడింది, పెళ్ళికొడుక్కి కళ వచ్చింది.

తర్వాతిది ఒక బడి మాస్టారి ఫోటో. మొహం బాగానే ఉంది. మెడ చుట్టూ మాత్రం నల్లటి మఖమలు గుడ్డ చుట్టినట్టు చర్మం మందంగా ఉంది. మురికనుకుని రోజూ తోముతున్నాడేమో, ఒకచోట కమిలింది కూడా. పాపం, ఇన్నాళ్ళు తోమినా పోనిది టచింగాయన రెండుసార్లు మౌసు తిప్పితే పోయింది.

ఆ స్టూడియోలో ఆయన పని అదే. మొదట్లో సన్నటి పెన్సిలుతో నెగటివ్‌ల మీద చేసేవాడు, ఇప్పుడు కంప్యూటరు మీద చేస్తున్నాడు. వంగి వంగి ఆయన కుడి భుజం కిందికి జారిపోయింది, చొక్కాలన్నీ ఒక పక్కకి వేలాడతాయి. మచ్చలు, కురుపులు, కంటిరెప్పల మీద పేరుకున్న పసుప్పచ్చ పొక్కులు, బుగ్గల మీద సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టుండే ఎర్రదనం, ఏదైనా సరే, ఆయన చేతికింద పడితే మాయమే. స్టూడియో యజమాని ఆయన బావమరిది. కెమెరా పట్టేది అతనే. "మేం తీసేది మనుషుల్ని, మా బావ చేతికిచ్చేది దేవతల్ని" అని వచ్చినవాళ్ళతో అంటుంటాడు. టచింగాయన దాన్ని మెప్పుగానే తీసుకుంటాడు. మెప్పు అంత తేలిగ్గా దొరికే ఉద్యోగం కాదది.

ఆయన పెళ్ళి కూడా ఆ కుర్చీలోనే మొదలైంది. మావగారి హయాంలో పనికి చేరిన కొత్తలో అప్పటి యజమాని కూతురి ఫోటో టచింగుకి వచ్చింది. గడ్డం మీది పుట్టుమచ్చను శ్రద్ధగా తుడిచేశాడు. తర్వాత మనిషిని చూశాడు. పుట్టుమచ్చ ఉన్నచోటే ఉంది, ఎంతో బాగుంది. ఆ పూట అన్నం సయించలేదు. అంత జరిగినా బుద్ధి రాలేదు. పెళ్ళయ్యాక తీసిన ప్రతి ఫోటోలోనూ భార్యను నున్నగా చెక్కుతూనే వచ్చాడు. ఇంట్లో గోడ మీదున్న ఆ నున్నటి మనిషిని ఆవిడ "నా సవతి" అంటుంది.

ఆ సవతి వల్లే మొన్న పరువు పోయింది. ఏదో కాగితం పనిమీద ఆవిడ ఒక ఆఫీసుకి వెళ్ళి గుర్తింపు కార్డు చూపిస్తే, అక్కడి గుమాస్తా కార్డునీ మనిషినీ మార్చి మార్చి చూసి, "ఇది మీ అమ్మాయిదనుకుంటానండీ, మీది ఇవ్వండి" అన్నాడట. పని కాలేదు. కొత్త ఫోటోతో కొత్త కార్డు చేయించుకు రమ్మన్నాడు. ఇంటికొచ్చి ఆవిడ ఒకటే మాట అంది, "ఈసారి నా మొహాన్ని ముట్టుకున్నారంటే ఊరుకోను." టచింగాయన ఒట్టు పెట్టాడు. ఒట్టయితే పెట్టాడు గానీ, పొద్దుటినుంచీ ఆయన బెంగంతా తన చెయ్యి మీదే. ఆవిడ మొహం ఎదురుగా ఉంటే ఆ చెయ్యి ఊరుకుంటుందా?

మధ్యాహ్నానికి ఆవిడ వచ్చింది. వస్తూనే అరచేతులు గోక్కుంటోంది.

"ఇంకా తగ్గలేదా?" అన్నాడు.

"కొత్త సబ్బు పడలేదండీ. రాత్రి అరికాళ్ళు కూడా ఒకటే దురద."

"అరచెయ్యి దురద పెడితే డబ్బొస్తుందంటారు. నువ్వు కాళ్ళూ చేతులూ గోక్కుంటున్నావు, ఇంక మనం కోటీశ్వరులమే."

"ముందు ఫోటో తీయించండి, తర్వాత కోట్లు మోద్దాం."

తెల్ల గుడ్డ ముందు ఆవిడ కుదురుగా కూర్చుంది. బావమరిది నొక్కాడు. ముగ్గురూ కంప్యూటరు చుట్టూ చేరారు. ఫోటోలో ఆవిడ పచ్చగా ఉంది.

"బల్బు పోతున్నట్టుంది బావా" అని బావమరిది బల్బు మార్చాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ పచ్చగానే ఉంది. కెమెరా అద్దం తుడిచాడు, లైటుకి పట్టిన గొడుగు తిప్పాడు, కర్టెన్ వేశాడు. ముచ్చటగా మూడోసారి కూడా అంతే.

టచింగాయన చెయ్యి తనంతట తనే మౌసు మీదికి వెళ్ళింది.

"చెయ్యి తియ్యండి" అంది ఆవిడ.

"మొహం కాదు, రంగు ఒక్కటే. అది లైటు తప్పు, నీది కాదు."

పసుపు తగ్గించాడు. ఆవిడ మామూలుగా అయింది. కానీ వెనకున్న తెల్ల గుడ్డ నీలం తిరిగిపోయింది. పసుపు పెంచాడు. గుడ్డ మల్లెపువ్వులా తెల్లబడింది, ఆవిడ పచ్చబడింది. ఇంకొకరి ఫోటో అయితే మొహం ఒక్కదాన్నీ కత్తిరించి రంగు మార్చి, కాఫీకి లేచిపోయేవాడు. ఒట్టు అడ్డం వచ్చింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పనేమీ చేయకుండా ఆ మొహాన్ని ఉత్తినే చూశాడు. అలా చూడటం ఆయనకి అలవాటు లేదు.

"గుడ్డ తెల్లగానే ఉంది. నువ్వే పచ్చగా ఉన్నావు" అన్నాడు.

"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందట. మీ కళ్ళు చూపించుకోండి."

బావమరిది నవ్వాడు. టచింగాయన నవ్వలేదు. లేచి అద్దం దగ్గరికెళ్ళి కింది రెప్ప లాగి చూసుకున్నాడు. కంప్యూటరు చూసి చూసి ఎర్రబడింది గానీ పచ్చదనం లేదు. వెనక్కి వచ్చి భార్య చెయ్యి పట్టుకుని, గుమ్మం బయట ఎండలోకి తీసుకెళ్ళి, ఆవిడ రెప్ప లాగాడు. తెల్లగుడ్డు పాత పుస్తకం కాగితాల రంగులో ఉంది.

ఆయనకి భయం వేసింది. ఊళ్ళోవాళ్ళ మొహాల్లో ఆవగింజంత మచ్చ కూడా పట్టుకునే మనిషి, ఎదురుగా కూర్చుని అన్నం తినే మొహాన్ని చూడలేదు. దీపం కిందే చీకటంటే ఇదే కాబోలు.

"పద" అన్నాడు.

"ఫోటో?"

"పద ముందు."

ఆటో సగం దూరం వెళ్ళాక చూసుకుంటే ఆవిడ కాళ్ళకి చెప్పులు లేవు. ఆయన తనవి విప్పి ఇచ్చాడు. ఆసుపత్రి వరండాలో ఆవిడ ఆ పడవల్లాంటి చెప్పులు టపటపలాడించుకుంటూ ముందు నడిచింది, వెనక ఆయన ఉత్తకాళ్ళతో నడిచాడు.

డాక్టరమ్మ చిన్నది, ఓపికగల మనిషి. దురద ఎన్నాళ్ళనుంచి, ఒంటేలు ఏ రంగులో వస్తోంది, అన్నీ అడిగింది. ఆవిడ సిగ్గుపడుతూ "కషాయంలా ఉంటోందమ్మా" అంది. రక్తం తీశారు, స్కానింగు చేశారు. పొద్దు వాలేదాకా టచింగాయన బల్ల మీద కూర్చుని తన వేళ్ళు తను చూసుకున్నాడు.

"లోపల రాయి ఉందండీ" అంది డాక్టరమ్మ చివరికి. "పైత్యరసం దిగే గొట్టానికి అడ్డం పడింది. కిందికి దిగాల్సింది రక్తంలోకి ఎక్కింది. పచ్చదనం అందుకే, దురదా అందుకే. సబ్బుని అనకండి, దాని తప్పేం లేదు."

"కొయ్యాలా?"

"రాయికైతే అక్కర్లేదు. నోట్లోంచి సన్నటి గొట్టం పంపి రేపు తీసేస్తాం. ఇంకా ఆలస్యమైతే చీము పట్టేది. గోటితో పోయేది గొడ్డలిదాకా రాలేదు, సంతోషించండి."

ఆయన నిజంగానే సంతోషించాడు. ఎంత సంతోషమంటే, ఏం మాట్లాడాలో తెలియక నోటికొచ్చింది అడిగాడు. "మెడ చుట్టూ నల్లగా మఖమల్లా అయితే ఏంటమ్మా?"

"చాలామందిలో అది చక్కెర జబ్బు పంపే కబురు. రక్తపరీక్ష చేయించుకోమనండి."

"రెప్పల మీద పసుప్పచ్చ పొక్కులు?"

"రక్తంలో కొవ్వుందేమో చూసుకోవాలి. అందరికీ ఉండకపోవచ్చు. చర్మం ఊరికే మారదు కదండీ, లోపలి గొడవలు ఒక్కోసారి అక్కడే బయటపడతాయి. మీరు డాక్టరా?"

"కాదమ్మా. అవన్నీ తుడిచేసేవాణ్ణి."

ఆమె ఫక్కున నవ్వింది. ఆయన బయటికొచ్చి బావమరిదికి ఫోను చేశాడు.

"మాస్టారి మెడ మళ్ళీ నల్లగా చేస్తాను, అందాకా ఫోటో ఇవ్వకు. వస్తే రక్తం చూపించుకోమను."

"మాస్టారి సంగతి తర్వాత. అక్క ఎలా ఉంది బావా?"

"మీ అక్క లోపల రాయి దొరికింది. రేపు తీసేస్తారట. ఇన్నాళ్ళూ అది గుండె అనుకున్నాను."

పక్కనే చక్రాల మంచం మీదున్న ఆవిడ కళ్ళురిమింది. పచ్చటి కళ్ళతో ఉరిమినా ఉరుము ఉరుమే. నర్సు మంచాన్ని వార్డులోకి తోసుకుపోయింది. తలుపు మూసుకునేదాకా ఆవిడ గోక్కుంటూనే, నవ్వుతూనే ఉంది.

మర్నాడు రాయి వచ్చేసింది. నెల తిరిగేసరికి కళ్ళు తెల్లబడ్డాయి. కార్డుకి మళ్ళీ ఫోటో తీశారు, టచింగాయన చేతులు కట్టుకుని చూశాడు.

ఆసుపత్రికి వెళ్ళిన ఆ సాయంత్రం మాత్రం, ఫోను పెట్టేశాక బావమరిది స్టూడియోలో ఒక్కడే కాసేపు నవ్వాడు, కాసేపు కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత లైట్లు ఒక్కొక్కటే ఆర్పుతూ లోపలికి వచ్చి ఆగిపోయాడు. తెల్ల గుడ్డ మాసిపోతుందని అంచున విడిచిన అక్క చెప్పులు, తెగిన పట్టీకి పిన్నీసుతో, జతగా కెమెరా వైపు తిరిగి ఉన్నాయి.