పాపయ్య చరణం

పాపయ్య చొక్కా తెల్లదే, రైల్లో ఆవకాయ జాడీ పగిలి ఎర్రబడింది, ఆ ముక్కే అన్నా నేనూ పాటలో పెట్టాం, ఇప్పుడెందుకు ఆ చొక్కా, తాళం తప్పుతుంది, చూసుకో పార్వతీ, ఎదురుగా ముందు వరసలో రంగనాయకమ్మ కూర్చుంది, పాపయ్య పోయాక ఆవిడ గడప దాటి రావడం ఇదే మొదలు, పక్కన కోడలు భావన, ఇందాక చెప్పులు విడిచే చోట నా చెయ్యి పట్టుకుని, మామయ్య చరణం మాత్రం వద్దు పిన్నీ, రెహనే దో, వదిలెయ్యండి, అత్తయ్య తట్టుకోలేదు అంది, సరేనమ్మా అన్నాను, ఎంత తేలిగ్గా అన్నాను, తంబూరా ఉన్నది జోగయ్యన్న చేతిలో, అన్న పాడాలి, నేను వంత అందుకోవాలి, ఇన్నేళ్లుగా అంతే, అన్నతో చెబితే తీగ సవరించుకుంటూ, పాటంటే రైలే చెల్లీ, మధ్యలో డబ్బా పీకేస్తే నడుస్తాదేటి అన్నాడు, రైలు డబ్బాలు బాగుచేసే వ్యాగన్ షాపులో రిటైరైన మనిషి, ఆయనకన్నీ డబ్బాలే, ఆడమనిషి ఏడుపు ఆయనకేం తెలుసు.

మా జిల్లా నుంచి రాయిపూర్‌లో ఈ డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీకి ఎవరెవరు ఎలా వచ్చి దిగారో చెప్పే పాట, మనిషికో చరణం, ఈ చిన్న రేకుల హాల్లో అందరికీ కంఠతా వచ్చు, ఎవరి చరణం వస్తే వాళ్లు లేచి దండం పెట్టాలి, మిగతావాళ్లు నవ్వాలి, అదే రివాజు, పాపయ్యదైతే మరీను, నిద్దరోయి రాయిపూర్ దాటిపోయి దుర్గులో దిగిన వీరుడు, లేని మరక దులుపుకుంటూ లేచేవాడు, ఇవాళ ఎవరు లేస్తారు, ఖాళీ కుర్చీని చూసి నవ్వుతారా, ఆవిడ ముఖం మీదే నవ్వుతారా, ధనుంజయ్ చరణం అయిపోయింది, లేచి దండం పెట్టాడు, నవ్వులు, ఇక పాపయ్యే, అన్న ఊపిరి తీసుకుంటున్నాడు, రంగనాయకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఏడుస్తోంది, అయ్యో ఏడుస్తోంది, వద్దన్నా, వద్దు, నా గొంతే ముందు లేచిపోయింది, ట్రంకుపెట్టె నెత్తిన బెట్టి సూరిబాబు దిగినాడో అని, తర్వాతి చరణం, వంత మనిషి ముందు ఎత్తుకోవడం ఎక్కడైనా ఉందా, అన్న కొరకొరా చూశాడు, అయినా తీగ మీద వేలు ఆపలేదు, నా వెనకే అందుకున్నాడు, హమ్మయ్య, గట్టెక్కాం, భావన కళ్లతోనే దండం పెట్టింది.

మరి ఆవిడేమిటి లేస్తోంది, కోడలి చెయ్యి విదిలించుకుని, వెళ్లిపోతుందా, లేదు, నిలబడే ఉంది, సంచిలోంచి ఏదో తీస్తోంది, మడత విప్పుతోంది, చొక్కా, పాపయ్యదే, ఎన్ని ఉతుకులు ఉతికినా పోని మరకతో, దాచిందా ఇన్నేళ్లూ, అందుకా కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వు ఆపుకోవడానికా, సూరిబాబు సగం లేచినవాడు మళ్లీ కూర్చున్నాడు, తంబూరా ఆగిపోయింది, అందర్నీ దింపీసినారు గదా పార్వతమ్మా, మా ఆయన్ని దుర్గులోనే వదిలీసినారేటి, అంది, కళ్లు నా మీదే ఉన్నాయి, నాకు తల కొట్టేసినట్టయింది, అన్న పాటను వెనక్కి తిప్పి పాపయ్య చరణం ఎత్తుకున్నాడు, నేను వంత అందుకున్నాను, ఆవిడ చొక్కా రెండు చేతులా పట్టి అందరికీ చూపిస్తోంది, ముందు ఎవరూ నవ్వలేదు, ఆవిడే నవ్వింది, తర్వాత హాలంతా నవ్వింది, ఆవిడ ఏడుస్తుందని నేను భయపడ్డాను, ఆవిడ భయం వేరు, ఆయన పేరు ఎత్తడానికి జనం జంకుతారని, జంకి జంకి మరిచిపోతారని, ఆ పని మొదలుపెట్టింది నేనే.